సముద్రానికి మీసాలు

మా బావ మీసం పెంచడం మొదలుపెట్టాక మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అద్దం ముందు నిలబడి కుడివైపు దువ్వుతాడు, ఎడమవైపు దువ్వుతాడు, రెండూ సమానంగా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి స్కేలు తెచ్చుకుంటాడు. కొలవడం వాళ్లకి వంశపారంపర్యం. తల్లి ఒడ్డున కూర్చుని సముద్రం మీది గాలిని కొలుస్తుంది. కొడుకు ఊళ్లో ఆఫీసు రెండో అంతస్తులో కూర్చుని అదే గాలిని ఆకాశం నుంచి కొలుస్తాడు. సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చి, కొలిచిన గాలినంతా భోజనాల బల్ల మీద వదులుతారు.

ఆ తల్లి మా మేనత్త. ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకుంటున్నాను. నా అసలు పేరు నాకూ, జీతం వేసేవాళ్లకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ పిడుగు అంటారు.

అత్త పనిచేసే చోటుని తీరం గది అంటారు. ఒక గది, గదిలో ఒక కుర్చీ, కుర్చీలో అత్త. బయట ఇసుకలో వరసగా పాతిన ఇనుప స్తంభాలు. కొత్తవాళ్లు చూసి బట్టలు ఆరేసుకోవడానికేమో అనుకుంటారు. నేను మొదటిరోజు నిజంగానే ఆరేశాను. ఆ పూట అత్త రాడార్‌కి సముద్రం మీద ఎవరివో పైజమాలు కనిపించాయని బావ ఇప్పటికీ చెబుతాడు. అది అబద్ధం. అవి తువ్వాళ్లు.

ఆ స్తంభాలే అత్త రాడార్, సముద్రం మీదకి రేడియో తరంగాలు వదులుతాయి. అవి నీళ్ల మీద పాక్కుంటూ పోయి, పడవంత పొడుగున్న అలలకి తగిలి వెనక్కొస్తాయి. వచ్చినదాన్ని బట్టి అక్కడ గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో అత్త చెబుతుంది. రోజూ పొద్దున్నే మైకు ముందు కూర్చుని చిన్న పడవలవాళ్లకి చదువుతుంది: "తీరం గది నుంచి. గాలి ఆగ్నేయం. సెకనుకి ఆరు మీటర్లు." ఆవిడ గొంతు విని అలలు సర్దుకుని కూర్చున్న సందర్భాలున్నాయి. చదివేటప్పుడు కిటికీలోంచి బయటికి ఒక్కసారి కూడా చూడదు. ఇంటి పెద్దావిడ ఉప్పు డబ్బా వెతుక్కుంటుందా? అలాగన్నమాట.

బావది వేరే దారి. ఎక్కడో పైన తిరిగే ఉపగ్రహం కిందికి రాడార్ కిరణం కొడుతుంది. నీళ్లు గరుగ్గా ఉంటే ఫోటోలో తెల్లగా పడతాయి, నునుపుగా ఉంటే నల్లగా పడతాయి. గరుకంటే గాలి ఉన్నట్టు, నునుపంటే లేనట్టు. ఆ తెలుపు నలుపుల్ని బావ కంప్యూటర్ రంగుల పటంగా మారుస్తుంది. గాలి ఉన్నచోట పసుపు, లేనిచోట నీలం.

"అమ్మా, నీ స్తంభాలు చూసేది ఇంత ముక్క. నా ఉపగ్రహం ఒక్క చూపులో తీరమంతా చూసేస్తుంది," అనేవాడు బావ.

"చూసి వెళ్లిపోతుందిరా. దానిది చుట్టపు చూపు. నాది ఇక్కడే కాపురం," అనేది అత్త. "సముద్రం గురించి చుట్టాన్ని అడగాలా, కాపురం చేసేదాన్ని అడగాలా?"

ఈ గొడవ ఇంట్లో ఉన్నంతవరకు ముచ్చటగానే ఉండేది. కానీ మా పెద్దసారు చెవిన పడింది. ఒకే గాలికి ఇద్దరు కొలతగాళ్లెందుకని ఆయనకి అనుమానం వచ్చింది. స్తంభాలకి తుప్పు, తీగలకి ఎలుకలు, ఒడ్డున ఆ గదికి కాపలా, ఇదంతా ఎందుకన్నారు. రెండిటినీ పోల్చి చూడమన్నారు. తేడా వస్తే స్తంభాలు పీకేస్తారు, అత్తని ఆఫీసు కింది అంతస్తులో పాత సామాన్ల గదికి పంపుతారు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్నా అత్త చూడదనుకోండి, అది వేరే విషయం.

మధ్యవర్తిగా ఉండాల్సిన బోయా ఒకటుంది. సముద్రంలో తేలుతూ గాలిని నేరుగా కొలుస్తుంది. దాని మీద గాలికి తిరిగే గిన్నెల్లో ఒక పక్షి కాపురం పెట్టేసరికి అవి తిరగడం మానేశాయి. బోయాని మరమ్మతుకి ఒడ్డుకి తెచ్చారు. కాబట్టి మిగిలింది తల్లి మాటా, కొడుకు మాటా.

పోలికలన్నీ కలుస్తూ వచ్చాయి. ఆఖరిది ఒక్కటే మిగిలింది. దాన్ని పెద్దసారు ముందు పెద్ద తెర మీద వేసి చూపించాలి. అది కూడా కలుస్తుందని అందరికీ తెలుసు. నాకైతే మరీ బాగా తెలుసు. అందుకే నాకు ఆ ఆలోచన వచ్చింది.

తప్పు నాది కాదు, అత్త బాగా పాఠం చెప్పడానిది, అని మొదట్లో అనుకునేదాన్ని. నేను చేరిన కొత్తల్లో ఆవిడ ఒక బకెట్‌లో నీళ్లు పోసి, దాని మీదకి ఫ్యాన్ తిప్పి, ఒక్క చుక్క నూనె వేసి చూపించింది. చిట్టి అలలన్నీ చచ్చి నీళ్లు అద్దంలా అయిపోయాయి. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

"చూశావా? గాలి ఉంది. నీళ్లకి తెలీదు," అంది.

అందరూ దానిలో శాస్త్రం చూస్తారు. నాకు మాత్రం బావ మీసం కనిపించింది.

పెద్ద తెర మీద, పెద్దసారు ఎదురుగా, బావ తెచ్చిన ఉపగ్రహం ఫోటోలో సముద్రం మధ్య నల్లటి మీసం! రెండువైపులా మెలి తిప్పి! మానవ చరిత్రలో అంత పెద్ద మీసం ఎవరికీ లేదు. దాన్ని ఊహించుకుని నేను బస్సులో ఒంటరిగా నవ్వితే, పక్కన కూర్చున్నావిడ లేచి వెనక సీటుకి వెళ్లిపోయింది.

క్యాంటీన్‌లో వాడేసిన నూనె రెండు పెద్ద డబ్బాలు అడిగి తెచ్చాను. సముద్రంలో మిగిలిన బోయా లంగరు తాడు చూసి రావాలన్న వంకతో తెల్లారుతుండగానే తీరం గది పడవ ఎక్కాను. పడవ నడిపే సరంగు మామయ్య డబ్బా మూత వాసన చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది?"

"సైన్సు మామయ్యా."

"మీ సైన్సు వేయించిన వాసనొస్తోంది."

"పాత సైన్సు. ఇంకొంచెం ఎడమకి తిప్పు. ఆ, ఇప్పుడు మెలి పెట్టు."

"దేనికి మెలి?"

"మీసానికి."

ఆయన నా మొహం చూసి చుక్కాని తిప్పాడు. మా అత్త మేనకోడల్ని ప్రశ్నలడిగి బాగుపడ్డవాళ్లు లేరని ఆయనకి అనుభవం. నేను పోస్తూ పోయాను. మధ్యలో ముక్కు కోసం ఖాళీ కూడా వదిలాను. గాలి బాగానే ఉంది. నా టోపీ ఎగిరి నీళ్లలో పడింది. మేం వెనక్కి బయల్దేరేటప్పటికి మీసం మీసంలాగే ఉంది. ఉపగ్రహం రావడానికి ఇంకా టైముంది. ఆ టైములో గాలి, కెరటం కలిసి నా మీసాన్ని ఎంత చక్కగా దువ్వుతాయో నేను ఆలోచించలేదు.

మీటింగు గదిలో దీపాలు ఆర్పి తెర మీద పటం వేశారు. సముద్రమంతా పసుపు. ఒడ్డుకి దగ్గర్లో, సరిగ్గా చిన్న పడవలు బయటికెళ్లే దారిలో, పెద్ద నీలం మచ్చ. మీసం కాదు. ముక్కూ లేదు, మెలీ లేదు. ఎవరో కూర్చుని లేచిన గుమ్మడికాయలా ఉంది. ఆ కాస్త నూనెకి అంత మచ్చ పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఇక్కడ గాలి లేనట్టేనా?" అని పెద్దసారు లేజర్ దీపం ఆ మచ్చ మీద పెట్టారు.

"పటం ప్రకారం లేదు సార్. ఒక మీటరు కూడా రాలేదు," అన్నాడు బావ.

"రాడార్ ఏమంది?"

అత్త తన కాగితం చూసుకుంది. "ఆరు, సార్."

గదిలో ఎవరో కుర్చీ కదిపారు. పెద్దసారు లేజర్ తీయలేదు. ఎర్ర చుక్క నీలం మచ్చ మీదే నిలబడింది. చీకట్లో నాకు అది నా నుదుటి మీద ఉన్నట్టే అనిపించింది.

"ఫోటోలో పొరపాటు ఉండొచ్చా బాబూ?"

బావ తల అడ్డంగా ఊపాడు. "ఫోటో బాగానే ఉంది సార్. నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆ చోట నీళ్లు నునుపుగానే ఉన్నాయి."

అది నిజమే. అక్షరాలా నిజం. ఆ క్షణంలో నేను నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. గొడవలకి కూడా ముహూర్తం పెట్టుకునే నోరు నాది. కానీ ఆ రోజు పక్కవాళ్ల గ్లాసులో నీళ్లు తాగి ఊరుకుంది.

అత్త లేచి నిలబడింది. "నాదే తప్పయి ఉంటుంది సార్. ఉప్పుగాలి కదా, ఏ స్తంభం దగ్గరో బిగింపు పాడై ఉంటుంది."

"రోజూ పడవలవాళ్లకి గాలి చెప్పేది మీరే కదమ్మా?"

"అవునండీ."

"మరి ఇన్నాళ్లూ?"

అత్త దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది. పాలవాడికీ, బస్సు కండక్టరుకీ, ముందు తరాల వాళ్లకీ కూడా. ఈసారి కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

మెట్ల మీద బావని పట్టుకున్నాను. "ఆ పటం దాచేయలేకపోయావా?"

"ఎలా దాస్తానే? అమ్మే నేర్పింది, చూసింది చెప్పాలని." వాడు మీసం మీద చెయ్యి పెట్టి, ఎందుకో తీసేశాడు. "సొంత తల్లిని అందరి ముందు నిలబెట్టాను పిడుగూ. ఇంటికెళ్లి ఎలా కూర్చోవాలో తెలీట్లేదు."



మర్నాడు పొద్దున అత్త మైకు ముందు కూర్చుని, "తీరం గది నుంచి. ఇవాళ గాలి చెప్పడం లేదు. మీ కళ్లతో చూసుకుని వెళ్లండి," అని కట్టేసింది. తర్వాత నిచ్చెన తీసుకుని బయటికి వెళ్లింది.

ఆవిడకి మోకాళ్ల నొప్పి. ఇంట్లో అటక మీది డబ్బా కావాలన్నా బావని పిలుస్తుంది. అలాంటిది ఒక్కో స్తంభం ఎక్కి, ఒక్కో బిగింపు విప్పి, గుడ్డతో ఉప్పు తుడిచి, మళ్లీ బిగించి దిగుతోంది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. స్తంభాల్లో ఏ తప్పూ లేదని ప్రపంచంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఆ నిచ్చెన బరువు ఎంతుంటుందో ఏ బోయా కొలవలేదు.

"గట్టిగా పట్టుకో. ఇదేదో వదులుగా ఉన్నట్టుంది," అంది పైనుంచి.

"అత్తా, స్తంభాల్లో ఏం లేదు."

"నీకేం తెలుసు?"

"సముద్రం మీద నేను నూనె పోశాను."

"అలాగా? నేను ఉపగ్రహానికి తిరగమోత పెట్టాను. ఆ రెంచీ అందుకో."

"నిజంగా అత్తా. రెండు డబ్బాలు. బావ మీసం గీద్దామని."

"తిమింగలం నీ చెప్పు మింగిందన్నది కూడా నువ్వే కదా?"

"అది అబద్ధం."

"క్యాంటీన్ వాడి మేక పెద్దసారు కుర్చీ తినేసిందన్నది?"

"అది సగం అబద్ధం. ఇది మాత్రం నిజం." నిచ్చెన రెండు చేతులా పట్టుకున్నాను. "పడవలు వెళ్లే దారిలో పోశాను. ఉపగ్రహం వచ్చే ముందు. నువ్వు బకెట్‌లో చూపించావే, అలా."

అత్త చెయ్యి బిగింపు మీద ఆగిపోయింది. కిందికి వంగి అడిగింది. "ఏ డబ్బాలు? చేత్తో పట్టుకునేవా, భుజానికెత్తుకునేవా?"

"సరంగు మామయ్య ఎత్తాడు."

ఆవిడ సముద్రం వైపు తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. మనసులో నా డబ్బాలు ఒంపి, ఆ నూనెని నీళ్ల మీద పరుస్తోంది. వెంట్రుకలో వెయ్యో వంతు మందం, ఆ మందానికి ఎంత మేర. నేను కింద నిలబడి ఆ లెక్క తప్పాలని కోరుకున్నాను.

"చాలు," అంది చివరికి. "ఆ మచ్చకి ఆ నూనె చాలు. పడవంత అలల్ని నూనె ఏం చెయ్యలేదు. నా రాడార్ వాటినే వింటుంది. నూనె వేలెడు అలల్నే చంపేస్తుంది, వాడి ఉపగ్రహం చూసేది వాటినే." పాఠం చెప్పినట్టే చెప్పింది, అలవాటు కొద్దీ. తర్వాత గొంతు తగ్గింది. "మరి నేను రాత్రంతా నా లెక్కల్లో తప్పు వెతుక్కున్నానే. ఎక్కడా దొరక్కపోతే, వయసు మీద పడి నాకే తెలివి తప్పిందనుకున్నాను."

"తిట్టు అత్తా."

"నిచ్చెన పట్టుకో. దిగుతాను."

తిట్టలేదు. అత్త తిట్లకి మా వీధి కుక్కలు కూడా తోక ముడుస్తాయి. అలాంటివి ఎన్ని తిన్నా నాకేమీ కాలేదు. ఆ రోజు తిట్టకుండా పక్క నుంచి నడిచి వెళ్లిపోయేసరికి మాత్రం నిచ్చెన అక్కడే పడేసి వెనకాలే పరిగెత్తాను.

గుమ్మం దగ్గర పట్టుకున్నాను. "ఇప్పుడే వెళ్లి పెద్దసారుకి చెప్పేస్తాను."

"వద్దు."

"గది పోతుంది అత్తా!"

"పోనీ. చెబితే ఏమంటారో తెలుసా? కొడుకు మీద గెలవడానికి మేనకోడలి చేత సముద్రానికి నూనె రాయించింది అంటారు. పడవ మా గదిది. పిల్లవి నువ్వు మా ఇంటిదానివి. ఎవరు నమ్ముతారే? నిన్న నా రాడార్ తప్పైంది. రేపు నేను దొంగనవుతాను. గది పోతే పోతుంది, పేరన్నా మిగలనీ."

ఇంతకాలం నేను చేసిన అల్లరి పనులన్నిటికీ ఒక మందుండేది. వెళ్లి ఒప్పుకుంటే నవ్వేసేవాళ్లు. ఈసారి ఒప్పుకోవడం కూడా అత్త మెడకే చుట్టుకునేలా ఉంది. నేను నోరు మూసుకుంటే నా సరదా గదిని మింగుతుంది, విప్పితే అత్త పరువుని మింగుతుంది.

ముందు బావకి చెప్పాను.

"నా మీసమా?" అన్నాడు.

"అవును."

మర్నాడు వాడి మొహం నున్నగా ఉంది. ఉపగ్రహం చూస్తే గాలి లేదనేది. ఇద్దరం కలిసి పెద్దసారు గదికి వెళ్లాం.

పెద్దసారు చెడ్డమనిషి కాదు. అదే ఇబ్బంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"మీ అత్తగారు పంపారా?"

"లేదు సార్. అత్త వద్దంది."

"అంటే ఆవిడకి తెలుసన్నమాట."

బావ నా కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది.

"కావాలంటే సరంగు మామయ్యని అడగండి సార్."

"నువ్వు నూనె పోశావని అతను చెబుతాడు. రెండు డబ్బాల నూనెకి ఊరంత సముద్రం నున్నగా అయిందని అతనెలా చెబుతాడు?" ఆయన కళ్లజోడు తీశారు. "అమ్మాయ్, నా గది తలుపు మీద తుఫాను హెచ్చరిక అంటించింది నువ్వే కదూ?"

"నేనే సార్."

"అదీ నిజమేననుకుని ఇద్దరు పైఅధికారులు వెనక్కి వెళ్లిపోయారు."

"సారీ సార్."

"మరి దీన్నెలా నమ్మమంటావు?"

నా జీవితంలో చెప్పిన మాటలన్నిట్లో అతి పెద్ద అతిశయోక్తిలా వినిపించేది ఇదొక్కటే. ఇదొక్కటే నిజం. బుర్ర గోక్కుంటే ఒక్కటే దారి తోచింది.

"మీరు పడవెక్కండి సార్. ఉపగ్రహం మళ్లీ ఇటు వచ్చే పొద్దున మీ ఎదురుగానే పోస్తాను. గాలి మీటరు మీ చేతిలో పెట్టుకోండి. పటం బావ కాదు, మీ మనుషులే తీయాలి. రాడార్ దగ్గర మీరు ఎవర్ని కూర్చోబెడితే వాళ్లు కూర్చుంటారు."

"మీ అత్తగారు?"

"అత్త..." బావ వైపు చూడకుండా అన్నాను. "అత్తని ఆ పూట గదిలోకి రానివ్వకండి."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు.

ఆ పొద్దున తీరం గదిలో అత్త కుర్చీలో ఆఫీసు నుంచి వచ్చిన ఎవరో కూర్చున్నాడు. తలుపు మూసి ఉంది. అత్త బయట మెట్టు మీద కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రి బయట కూర్చున్నట్టు. నేను డబ్బాలు మోసుకుంటూ ఆవిడ ముందు నుంచే పడవ దగ్గరికి వెళ్లాలి. ఇంకో దారి ఉంటే, అది పక్క దేశం మీదుగా పోయేదైనా సరే, అటే పోయేదాన్ని.

"మూత గట్టిగా ఉందో లేదో చూసుకో. పడవలో కారితే సరంగు జారిపడతాడు," అంది అత్త, నా వైపు చూడకుండా.

పడవలో పెద్దసారు నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, ఒక చేత్తో గాలి మీటరు, ఇంకో చేత్తో పడవ అంచు పట్టుకుని కూర్చున్నారు. కొంత దూరం వెళ్లాక ముక్కు ఎగబీల్చారు.

"ఈ వాసనకి ఆకలేస్తోందయ్యా," అన్నారు సరంగుతో.

"సైన్సు సార్. అలాగే ఉంటది," అన్నాడు మామయ్య గంభీరంగా.

మామూలుగా అయితే నేను నవ్వి పడవలోంచి పడిపోయేదాన్ని. మూత తీసి పోయడం మొదలుపెట్టాను. ఈసారి మీసం లేదు, మెలి లేదు. అటూ ఇటూ తిన్నగా, నేల తుడిచినట్టు. నూనె కనబడకుండా పరుచుకుంటూ పోయింది. ముందు మా పక్కన, తర్వాత కొంచెం ముందు, ఆ తర్వాత ఇంకా ముందు. చిట్టి ముడతలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. పెద్ద కెరటాలు మాత్రం కింద నుంచి వస్తూనే ఉన్నాయి, దుప్పటి కింద ఎవరో దొర్లుతున్నట్టు. పడవ లేస్తోంది, దిగుతోంది, నీళ్లు మాత్రం ఇస్త్రీ చేసినట్టున్నాయి.

పెద్దసారు చేతిలో గాలి మీటరు గిరగిరా తిరుగుతోంది. ఆయన జుట్టు నిటారుగా లేచింది. మీటరు చూశారు. నీళ్లు చూశారు. మళ్లీ మీటరు చూశారు.

"గాలి ఉంది," అన్నారు.

"ఉంది సార్."

"నీళ్లకి తెలీదు."

ఆ మాటలే. అత్త బకెట్ దగ్గర నాకు చెప్పిన మాటలే. ఆవిడ నేర్పింది నేను ఆవిడ మీదే ఒంపాను. నాకు కళ్లు మండాయి. నూనె చెయ్యి పెట్టి తుడుచుకున్నాను, ఇంకా మండాయి.

"ఇదంతా సరదాకి చేశావు," అన్నారాయన.

"అవును సార్."

"సరదాగా ఉందా?"

"లేదు సార్."

ఆయన మీటరు మళ్లీ పైకెత్తారు. ఒడ్డు చేరేదాకా మీటరు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే.

ఆ పూట పటంలో అదే చోట నీలం మచ్చ పడింది. అత్త లేని గదిలో, అత్త ముట్టుకోని రాడార్ మాత్రం పెద్దసారు చేతిలోని మీటరు చెప్పిందే చెప్పింది. స్తంభాలు పీకొద్దని కాగితం వచ్చింది. రెండూ ఉండాలట, ఒకటి పొరబడితే ఇంకోటి దిద్దడానికి. నన్ను పడవ ఎక్కనివ్వొద్దని అదే కాగితంలో ఇంకో వాక్యం ఉంది. ఇప్పుడు ఆఫీసులో ఎక్కడైనా పటంలో అనుమానంగా నీలం కనిపిస్తే "మీసమేమో చూడండి" అంటారు. కొత్తగా చేరినవాళ్లకి పాఠంలో నా గుమ్మడికాయని తెర మీద వేసి చూపిస్తారు. నేను వెనక వరసలో కూర్చుంటాను. దాన్ని గీసిన కళాకారిణి ఎవరని ఎవరైనా అడుగుతారేమోనని తల ఎత్తను.

ఇదంతా అయ్యాక అత్త మళ్లీ మామూలుగా అయిపోతుందనుకున్నాను. చాలావరకు అయింది కూడా. బావతో బల్ల దగ్గర కొట్టుకుంటోంది. "నీ ఉపగ్రహానికి కాస్త నూనె వాసన చూడ్డం నేర్పించరా," అంటోంది. నన్ను పిడుగూ అనే పిలుస్తోంది. మొన్న ఒకసారి తిట్టింది కూడా. ఆ రోజు నేను సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

కానీ పొద్దున్నే మైకు ముందు కూర్చునే ముందు ఇప్పుడు ఒకటి చేస్తుంది. తెర మీద అంకెలు చూసుకుంటుంది. లేచి తలుపు తీసుకుని బయటికి, స్తంభాల దాకా వెళుతుంది. చూపుడువేలు నోట్లో తడుపుకుని పైకెత్తి పట్టుకుంటుంది. ఏ పక్క చల్లబడుతుందోనని చూస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు నా నోటికి జోకు దానంతటదే వచ్చింది: ఆ వేలికి ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారత్తా అని. నాలుక దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ రాడార్ తప్పు కాదని ఆవిడకి తెలుసు. నాకు తెలుసు. పెద్దసారుకీ తెలుసు. ఆ వేలికి ఒక్కదానికే ఇంకా నమ్మకం కుదరలేదు.

గాలికి తలుపు కొట్టుకుంటుందని నేను వెళ్లి పట్టుకుంటాను. అత్త లోపలికి వస్తూ గుమ్మంలో ఆగుతుంది.

"ఆగ్నేయమేనా?" అని అడుగుతుంది. నన్ను.

"ఆగ్నేయమే అత్తా," అంటాను తలుపు వైపు చూస్తూ.

అప్పుడు వెళ్లి మైకు తెరుస్తుంది.